ముందే పెట్టిన సంతకాలు

మైనింగ్ గురించి నాకు తెలిసిన మొదటి సంగతి, అది ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయిన సీటు అని. తొంభైల మధ్యలో పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌కి వెళ్తే, నా ర్యాంకు పిలిచేసరికి ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ అన్నీ అయిపోయాయి. బల్ల అవతల గుమాస్తా తలెత్తకుండానే "మైనింగ్ ఉంది, తీసుకుంటావా?" అన్నాడు. పక్కన మా నాన్న నిలబడి ఉన్నాడు. పోర్టులో ఇనుప ఖనిజాన్ని ఓడల్లోకి ఎక్కించే చోట ఆయన పని. ఎంత రుద్ది స్నానం చేసినా చెవుల వెనక ఎర్ర దుమ్ము మిగిలే ఉండేది.

"మా పోర్టుకొచ్చీది అదే రాయి కదరా. దాన్ని తవ్వీ కాడ ఇంజినీర్లు అక్కర్లేదేటి? తీసుకో" అన్నాడు.

తీసుకున్నాను. మూడేళ్లు వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి చదివాను. సర్వే, పేలుడు పదార్థాలు, గాలి ప్రసారం, రాతి బలం. పరీక్షలు పాసై విశాఖపట్నం తిరిగొచ్చాక తెలిసింది, ఆ డిప్లొమా నన్ను గని గేటు దాకా మాత్రమే తీసుకెళ్తుందని. గనిలో నలుగురిచేత పని చేయించాలంటే ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. మొదట ఫోర్‌మన్, కొన్నేళ్లకు సెకండ్ క్లాస్ మేనేజర్, ఆ పైన ఫస్ట్ క్లాస్. ఒక్కోదానికి ఒక పరీక్ష. ఆ పరీక్షకు కూర్చోవాలంటే గనిలో పనిచేసిన అనుభవం ఉండాలి, అది నిజమేనని గని వాళ్లు రాసివ్వాలి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ దానికదే వేరు.

ఈ దారంతా నాకు విడమర్చి చెప్పింది సింహాచలం కొండ కింద ఉండే ఒక మాస్టారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బొగ్గు గనుల్లో ముప్ఫై ఏళ్లు చేసి, మేనేజరుగా రిటైరై అక్కడ ఇల్లు కట్టుకున్నారు. సాయంత్రాలు వరండాలో మా నలుగురికి పాఠం చెప్పేవారు. ఆయన పుస్తకం తెరవడం నేను చూడలేదు. నల్లబల్ల మీద ఒక గని పటం గీసి, అందులో మూడో నాలుగో ఇంటూ గుర్తులు పెట్టేవారు. ఆ గుర్తులన్నీ మనుషులు చనిపోయిన చోట్లు.

"ఇక్కడ పైకప్పు కూలింది. అంతకు ముందు రోజు ఇక్కడికి ఎవరెవరొచ్చారు? ఎవరేం చూశారు? చెప్పు" అనేవారు.

మేం రాయి గురించీ గాలి గురించీ మాట్లాడితే ఆయన తల అడ్డంగా ఊపేవారు. "మనుషుల్ని అడిగానబ్బాయ్. రాయి సంగతి తర్వాత."

వరండాలోంచి ఇంటికొచ్చే బస్సులో ఆ ఇంటూ గుర్తులు నా కళ్ల ముందే ఉండేవి. చిన్న ఉద్యోగం కోసం చదువుతున్నాననుకునేవాణ్ణి. ఆయన చెప్తుంటే ఎవరి చావుకో బాధ్యుణ్ణి కావడానికి చదువుతున్నట్టు ఉండేది.

అనుభవం కోసం చాలా చోట్ల తిరిగాను. పెద్ద గనులు ట్రెయినీలను తీసుకోవడం లేదు. చివరికి పరవాడ వైపు లోపలికి ఒక రాతి క్వారీలో చేరాను. సగం కొరికేసినట్టున్న కొండ. రాయిని మెట్లు మెట్లుగా కొయ్యాలని మేం చదువుకున్నాం. అక్కడ మాత్రం పై నుంచి కింద దాకా ఒకే గోడ. తాటిచెట్టు ఎత్తు కంటే ఎక్కువే. నడుముకు తాడు కట్టుకుని, ఆ గోడకు వేలాడుతూ రంధ్రాలు వేసేవాళ్లు. పైకెక్కితే దూరంగా అప్పుడే లేస్తున్న కరెంటు ప్లాంటు పొగగొట్టం, దాని వెనక సన్నగా సముద్రం కనిపించేవి.

కాంట్రాక్టరు మంచిగా మాట్లాడే మనిషి. తమ్ముడూ అని భుజం మీద చెయ్యేసేవాడు. బోర్డు మీద పేరున్న ఫోర్‌మన్ వేరే ఎక్కడో ఉండేవాడు, నెలకోసారి వచ్చి వెళ్లేవాడు. ఆయన బదులు రోజూ పొద్దున్న గోడని పరిశీలించి, రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టే పని నాది. అలా చెయ్యకూడదని నాకు తెలుసు. మాస్టారికి చెప్తే నల్లబల్ల మీది పటం తుడిచేశారు.

"మానెయ్యమంటే మానేస్తావా?" అన్నారు చివరికి.

క్వారీ వాళ్లు రాసిచ్చే అనుభవం కాగితం లేకపోతే నా చదువంతా అక్కడితో సరి.

"సరే. అయితే ప్రతి పొద్దునా కొండ పైకి ఎక్కి చూసి రాయి. కింద నుంచి చూసి రాయకు."

నాకు ఎక్కి చూడడం నేర్పింది అక్కడ డ్రిల్లర్‌గా పనిచేసే ఆయన. నలభై ఏళ్లుంటాయి. దగ్గర పల్లెలోనే ఇల్లు, కాస్త మెట్ట పొలం. వానలు బాగా పడితే పొలానికి, లేకపోతే క్వారీకి. మొదట్లో సారూ అనేవాడు. ఒకరోజు సుత్తి నా చేతికిచ్చి గోడ మీద కొట్టమన్నాడు. ఖణేల్‌మంది. నాలుగడుగులు పక్కకు జరిపి మళ్లీ కొట్టమన్నాడు. ఈసారి ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"ఇన్నావా బావా? అది గట్టిది. ఇది లోపల ఇడిపోనాది. మీ పుస్తకాల్లో ఇది రాత్తారేటి?"

"రాస్తారు బావా. కానీ ఎలా ఉంటుందో వినిపించరు."

నవ్వాడు. అప్పటినుంచి బావా అనే పిలుచుకున్నాం. రోజూ పని మొదలయ్యే ముందు ఇద్దరం పైకెక్కేవాళ్లం.

వానాకాలం మొదట్లో పైన బీట కనిపించింది. గోడ అంచుకు ఏడెనిమిది అడుగుల లోపల, అంచుతో పాటే సాగిపోతూ, వేలు పట్టేంత వెడల్పు. బీటకు అవతల, అంచు వైపు, ఒక తాటిచెట్టు ఉంది. డ్రిల్లర్ చిన్న రాయి ఏరి బీటలో వేశాడు. అది తగులుతూ తగులుతూ కిందకు పోయింది. చాలాసేపు వినిపించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కాంట్రాక్టరుకు చెప్పాను. "వానలకి మట్టి బీటలిత్తాది తమ్ముడూ. ఏసంకాలం ఎండకీ ఇత్తాది. దానికే కంగారైతే ఎలగ?" అన్నాడు.

మాస్టారు మాత్రం నిటారుగా కూర్చున్నారు. "అది మట్టి బీటో, కొండే కదులుతోందో తెలుసుకోవాలి. గాజు పట్టీలు రెండు తీసుకో. బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించు. రాయి కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. నూలుపోగంత కదిలినా పగిలిపోతుంది."

పూర్ణా మార్కెట్ దగ్గర అద్దాలు కోసే కొట్లో రెండు పట్టీలు కోయించాను. మట్టి గీకేసి, కింద రాయి తగిలేదాకా తవ్వి, ఇద్దరం వాటిని అతికించాం. ఆ తర్వాత రోజూ పొద్దున్నే టీ కూడా తాగకుండా ముందు పైకెక్కేవాణ్ణి. గాజు మీద వాన చినుకులుండేవి. పట్టీలు చెక్కుచెదరలేదు. పదిరోజులు గడిచేసరికి నాలో భయం తగ్గిపోయింది. అంత తేలిగ్గా తగ్గుతుందని నేననుకోలేదు.

ఆ వారంలోనే నా ప్రథమ చికిత్స పరీక్ష. శుక్రవారం రాతపరీక్ష, శనివారం కట్లు కట్టి చూపించాలి. మంగళవారం కాంట్రాక్టరు రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"శుక్రవారం, శనివారం నువ్వుండవు కదా. ఆ రెండు పేజీలూ ఇప్పుడే రాసీసి పెట్టీ. ఎవరైనా తనిఖీకొత్తే కాళీ పేజీ కనపడితే బాగోదు."

రాశాను. గోడ పరిశీలించాను, వేలాడే రాళ్లు లేవు, పనికి సురక్షితం. రెండు పేజీల్లోనూ అదే మాట, కింద సంతకం, పక్కన ఇంకా రాని తేదీ. టీ తాగుతూ రాశాను.

గురువారం పొద్దున్న పైకెక్కితే రెండు పట్టీలూ పగిలి ఉన్నాయి. ముక్కలు చెదరలేదు. కత్తితో కోసినట్టు మధ్యకు విడిపోయి, ఒక్కో సగం ఒక్కో వైపు సిమెంటుకు అంటుకుని ఉన్నాయి. వాటి మధ్య ఇప్పుడు నా అరచెయ్యి పట్టేంత ఖాళీ. డ్రిల్లర్ వంగి చూశాడు. తాటిచెట్టు వైపు చూశాడు. అవతల వైపు అడుగు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"దిగిపోదాం బావా" అన్నాడు మెల్లగా, ఎవరో నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు.

కిందకొచ్చి డ్రిల్లుకు గాలి పంపే కంప్రెసర్ ఆపించాను. గోడ కిందున్న వాళ్లందరినీ బయటకు పంపాను. ఆ రోజు పేజీలో ఎర్ర సిరాతో రాశాను, బీట వెడల్పయింది, ప్రమాదం, పని ఆపించాను అని. కాంట్రాక్టరు వచ్చి తనే పైకెక్కి చూశాడు. దిగి వచ్చి చెమట తుడుచుకున్నాడు.

"నువ్వు సెప్పినాక కాదంటానా తమ్ముడూ? ఆపీద్దాం. సోమారం మిషన్ తెప్పించి పైనుంచి దించీద్దాం."

నమ్మాను. బస్సు దగ్గరకు నడుస్తుంటే డ్రిల్లర్ నాతో పాటు రోడ్డు దాకా వచ్చాడు.

"రేపు, ఎల్లుండి నువ్వు రావా?"

"రాను. పని ఆపేశారు కదా, నువ్వూ రాకు బావా."

"పిలిత్తే రాకుండా ఎలగ?" అన్నాడు. అప్పుడే బస్సు వచ్చింది. ఎక్కేశాను.

ముందే రాసిన రెండు పేజీలూ నాకు శుక్రవారం సాయంత్రం గుర్తొచ్చాయి. అన్నం తింటున్నవాణ్ణి ఆగిపోయాను. నాన్నకు చెప్పాను.

"పని ఆపీసేరన్నావు కదా. కాగితమేటి సేత్తాదిరా?" అన్నాడు.

నాకూ అలాగే అనుకోవాలనిపించింది. అనుకున్నాను. ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి క్వారీ ఆఫీసుకు ఒక ఫోన్ చేసి ఉండొచ్చు. చెయ్యలేదు.

శనివారం పొద్దున్న పరీక్షలో ఒకతన్ని నేల మీద పడుకోబెట్టి, అతని తొడ ఎముక విరిగిందనుకుని కట్టు కట్టమన్నారు. చెక్కలు పెట్టి శుభ్రంగా కట్టాను. పరీక్షకుడు ముడులు లాగి చూసి బాగుందన్నాడు. బయటికొస్తే గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. పోర్టు బట్టల్లోనే, ఎర్ర దుమ్ముతోనే వచ్చాడు. ఆయన అలా పని మధ్యలో వదిలి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"క్వారీ నుంచి పక్కింటికి ఫోనొచ్చిందిరా, ఆళ్లొచ్చి పోర్టు కాడ సెప్పేరు. కొండ పడిపోనాదంట."

ఇద్దరం వెళ్లాం. సన్నగా వాన పడుతోంది. గోడ ఉన్నచోట గోడ లేదు. కింద రాళ్ల గుట్ట, దాని మధ్యలో ఆ తాటిచెట్టు నిటారుగా నిలబడి ఉంది, ఎవరో తెచ్చి అక్కడ నాటినట్టు. కంప్రెసర్ నుంచి వెళ్లిన రబ్బరు గొట్టం నేల మీద సాగి సాగి రాళ్ల కిందకు దూరింది. దాని రెండో కొసన ఎవరున్నారో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రాయి ఎత్తే ఆడవాళ్లు నీళ్లు తాగడానికి పక్కకు వెళ్లబట్టి బతికారు. వాళ్లు ఒకచోట కూర్చుని ఉన్నారు. ఒక్కరూ ఏడవడం లేదు. డ్రిల్లర్‌ని మధ్యాహ్నానికి తీశారు. నేర్చుకున్న కట్లలో ఒక్కటీ అవసరం కాలేదు.

షెడ్డులోకి వెళ్లి రిజిస్టర్ తెరిచాను. బుధవారం పేజీ తర్వాత శుక్రవారం పేజీ ఉంది. గురువారం లేదు. దారం దగ్గర అంచు కూడా మిగలకుండా తీసేశారు. శుక్రవారం, నా చేతిరాత, సురక్షితం. శనివారం, నా చేతిరాత, సురక్షితం.

కాంట్రాక్టరు లోపలికొచ్చి తలుపు దగ్గరేశాడు. ఆయన మొహం కూడా పాలిపోయి ఉంది.

"తమ్ముడూ, జరగకూడనిది జరిగిపోనాది. నువ్వు పొద్దున్నే వొచ్చి సూసేవు, బాగానే ఉంది, రాసి పరీక్షకెల్లిపోనావు. ఆ తరవాత వానకి పడ్డాది. ఎవరడిగినా ఇదే సెప్పు. నీకేటీ కాదు, నాకేటీ కాదు. నీ ఎక్స్‌పీరియన్స్ కాగితం నానే స్వయంగా రాసిత్తాను."

ఇంటికొచ్చాక నాన్న రెండు రోజులు నా వెనకే తిరిగాడు. "ఆయన సెప్పినట్టే సెప్పీరా. లేపోతే జైలుకెల్తావు. పోనోడు తిరిగొత్తాడేటి?" అనేవాడు. నేను పుట్టాక ఆయన్ని అంత భయపడగా చూడలేదు.

మాస్టారి దగ్గరకు వెళ్లాను. మొత్తం విని, ఏ రోజు ఏ సిరాతో రాశానో అడిగారు. చెప్పాను.

"రెండు తప్పులున్నాయి. పేజీ చింపింది అతను. ముందే రాసింది నువ్వు. అతని తప్పు చెప్పాలంటే నీది చెప్పక తప్పదు" అన్నారు. కోప్పడలేదు, ఓదార్చలేదు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

విచారణకు ముందు రోజు డ్రిల్లర్ ఇంటికి వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. నేనెవరో చెప్పకుండానే పోల్చుకుంది. ఆయన ఇంట్లో నా గురించి చెప్పేవాడట.

"శనారం పొద్దున్న మనిషొచ్చి పిలిసేడు బాబూ. ఫోర్‌మన్ బాబు పొద్దున్నే వొచ్చి సూసి బాగుందని రాసీసేడు, భయం నేదు, రా అన్నాడు. నువ్వు రాసేవంటే ఎల్లేడు" అంది.

నేను గడప ముందు మెట్టు మీద కూర్చుండిపోయాను.

"నువ్వే గాని ఆ రోజుండుంటే ఆపీసీవోడివా?"

"ఆపీసీవోణ్ణమ్మా."

"మరి ఎందుకు రాసేవు?"

ఆమె నిష్ఠూరంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. తనిఖీకి వస్తే ఖాళీ పేజీ కనిపించకూడదని రాశానని ఆమెతో ఎలా చెప్పాలి? అయినా అదే చెప్పాను, ఇంకేం లేదు కాబట్టి. ఆమె తల దించుకుని వింది. కాసేపటికి లేచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటకు రాలేదు.

గనుల భద్రతా అధికారి క్వారీ షెడ్డులోనే విచారణ చేశారు. రిజిస్టర్ నా ముందు పెట్టి, ఈ సంతకాలు మీవేనా అని అడిగారు. నావేనన్నాను. శనివారం మీరు గోడని ఎన్నింటికి పరిశీలించారు అన్నారు. కాంట్రాక్టరు నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"పరిశీలించలేదండి. ఈ రెండూ మంగళవారం రాసినవి. గురువారం పేజీ ఒకటుండేది" అన్నాను.

ఆ తర్వాత ఆగకుండా చెప్పాను. కాంట్రాక్టరు లేచి, కుర్రాడు భయంతో ఏదో మాట్లాడుతున్నాడన్నాడు. అధికారి ఆయన్ని కూర్చోమని, గాజు పట్టీలు ఎక్కడ అతికించావో చూపించు అని నన్ను వెంటబెట్టుకుని కొండెక్కారు. బీటకు అవతలిదంతా కిందకు పోయింది. ఇవతలి అంచున, బురద తుడిస్తే, రెండు చోట్లా సిమెంటు ముద్దలో సగం గాజు ముక్క అలాగే ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని వాటిని చాలాసేపు చూశారు. ఫోటోలు తీయించారు. లేచి నాతో ఒకే మాటన్నారు.

"ఇంత చేసినవాడివి, ఆ రెండు పేజీలూ ఎందుకు రాశావయ్యా?"

క్వారీ మూసేశారు. కాంట్రాక్టరు మీద కేసు పెట్టారు. అది ఏళ్ల తరబడి నడిచింది, సాక్షిగా నేను ఎన్నో వాయిదాలకు వెళ్లాను. కోర్టు వరండాలో డ్రిల్లర్ భార్య కనిపించేది. మొదట్లో చూసి మొహం తిప్పుకునేది. తర్వాత తర్వాత వచ్చావా బాబూ అనేది. చివరికి కాంట్రాక్టరుకు శిక్ష పడింది. అది తక్కువా ఎక్కువా అని నేను ఆమెను అడగలేదు.

నాకూ ఒక ఉత్తరం వచ్చింది. అర్హత లేకుండా సంతకాలు చేసినందుకు, చూడకుండా రాసినందుకు హెచ్చరిక. క్వారీలో చేసిన నెలలు అనుభవం కిందకు రావు. రెండేళ్ల పాటు ఏ పరీక్షకూ దరఖాస్తు చేయకూడదు. న్యాయమేననిపించింది. ఆ రెండేళ్లూ గాజువాకలో ఒక వర్క్‌షాపులో లెక్కలు రాశాను. మైనింగ్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. మానేశాననే నేనూ అనుకున్నాను. కానీ ఏ గోడ పక్కగా నడిచినా వేలితో తట్టి చూసేవాణ్ణి.

గడువు తీరాక మాస్టారే కబురు పెట్టారు. గోదావరి అవతల ఒక బొగ్గు గనిలో ట్రెయినీలను తీసుకుంటున్నారని. మొదటి నుంచి మొదలుపెట్టాను. తొలిరోజు తలకు దీపం కట్టుకుని ఏటవాలు సొరంగంలో దిగుతుంటే, వెనక వెలుతురు నాణెమంత అయ్యి, చుక్కంత అయ్యి, పోయింది. పైన ఆసరాగా పెట్టిన దుంగలు సన్నగా కిర్రుమంటున్నాయి. నాతో ఉన్న, షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ నడక ఆపకుండానే కర్రతో పైకప్పును తట్టుకుంటూ వెళ్తున్నాడు. వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తమనే ఆ పిలుపు నా లోపల ఎప్పుడూ పూర్తిగా ఆగలేదు. అక్కడే నాలుగేళ్లు చేశాను, ఒక్కో సర్టిఫికెట్ పాసవుతూ.

సెకండ్ క్లాస్ మేనేజర్ పరీక్షలో చివరిది ముఖాముఖి. అయిదుగురు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఆయన నా దరఖాస్తు వెనక ఆ పాత హెచ్చరిక కాగితం చూసి, ఆగి, కళ్లజోడు పైకి జరుపుకున్నారు.

"ఇది మీరేనా?"

"నేనేనండి."

ఆయన దాని గురించి ఇంకేమీ అడగలేదు. ఫైలు మూసి, గాలి ప్రసారం ఆగిపోతే మొదట ఏం చేస్తారని అడిగారు. మనుషుల్ని బయటకు తీస్తానన్నాను. ఆ తర్వాత అంటూ అడుగుతూనే ఉన్నారు, గంటకు పైగా.

పాసయ్యాను. ఇంకో లోతైన గనికి అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. బయల్దేరిన రోజు నాన్న స్టేషన్‌కు వచ్చాడు. అప్పటికి రిటైరయ్యాడు, చెవుల వెనక ఎరుపు పోయింది. ప్లాట్‌ఫారం మీద నా పెట్టె దగ్గర నిలబడి చాలాసేపు పట్టాల వైపే చూస్తూ ఉన్నాడు.

"లోపలికి ఎంత దిగాలిరా?"

చెప్పాను.

"అంత కిందకా?" అన్నాడు. "ఎంతమంది ఉంతారు?"

"షిఫ్టుకు రెండొందల మంది దాకా ఉంటారు నాన్నా."

ఆయన నా మొహంలోకి చూశాడు. రైలు వచ్చింది. పెట్టె తనే అందించాడు. కదిలాక కిటికీలోంచి చూస్తే చెయ్యి ఊపడం లేదు. దించిన చేతులతో అలాగే నిలబడి, నా బోగీ కనపడినంత దూరం చూస్తున్నాడు.